తెలియనితనము దోషము కాదా?

తూకము సరిగా నుండవలెను, ధర న్యాయముగా నుండవలెను. ఈ రెండును పాటించిన వర్తకుని లోకము నీతిమంతుడని మెచ్చుకొనును. కాని తాను కొన్న సరకు తన అంగడికి రాకముందు ఏయే చేతులు మారినదో, దానివలన ఎవరికేమి హాని కలిగినదో అతడు విచారింపవలెనా? “నాకు తెలియదు” అన్న ఒక్క మాటతో అతని బాధ్యత తీరిపోవునా?

ఈ ప్రశ్నకు వజ్రముల వ్యాపారమే తగిన నిదర్శనము. ఒకప్పుడు కృష్ణాతీరమందలి కొల్లూరు గనులు లోకమునకు వజ్రముల నిచ్చినవి. నేడు ముడివజ్రములు ఆఫ్రికా, రష్యా, కెనడాలనుండి వచ్చుచున్నవి. వానిలో పదింట తొమ్మిదింటిని సానపట్టునది మన దేశమే. అందును ముఖ్యముగా సూరతు నగరము.

1990 దశకమున అంగోలా, సియెర్రా లియోన్ దేశములలో తిరుగుబాటుదారులు వజ్రములమ్మి ఆయుధములు కొనిరి. సియెర్రా లియోన్‌లో 1991 మొదలు 2002 వరకు సాగిన యుద్ధమున వేలాది జనులు మరణించిరి; ఎందరికో చేతులు నరకబడెను. ఆ రాళ్లు దలాలుల పొట్లములలో తక్కిన రాళ్లతో కలిసిపోయెను. కలిసిన పిదప ఏది ఏ గనిదో కంటితో చూచి చెప్పుట సాధ్యము కాదు. కొన్నవారు కత్తి పట్టలేదు. కాని వారి సొమ్ము కత్తి పట్టినవానికి చేరెను.

లోకమున నింద పెరుగగా 2000లో వజ్రవర్తకులు ప్రపంచ వజ్రమండలి నేర్పరచుకొనిరి. 2003 జనవరి 1 నుండి కింబర్లీ విధానము అమలులోనికి వచ్చెను. ముడివజ్రములు దేశము దాటవలెనన్న సీలు వేసిన పెట్టెయు, ప్రభుత్వ ధ్రువపత్రమును ఉండవలెను. ఇది గొప్ప మేలే. కాని ఆ నియమము తిరుగుబాటుదారుల యుద్ధమునకు తోడ్పడు వజ్రములనే దోషములుగా నెంచెను. 2008లో జింబాబ్వేలోని మరాంగే క్షేత్రములందు ప్రభుత్వ బలగములే తవ్వకము చేయువారిని చంపినవి. అయినను 2011లో ఆ వజ్రముల ఎగుమతికి అనుమతి లభించెను. పత్రము సరిగానే యుండెను, ధర్మము తప్పెను.

ఇప్పుడు యంత్రసహాయము వచ్చినది. డీబీర్స్ సంస్థ 2018లో ప్రకటించిన ట్రేసర్ పద్ధతిలో ముడిరాయి రూపమును కంప్యూటరు లెక్కలో ఎక్కింతురు. సానపట్టిన పిదప కొత్త రూపమును పాతదానితో సరిపోల్చి చూతురు. చిట్టాలో రాత్రికి రాత్రి అంకె దిద్దినట్లు ఇందులో ఎవరును రహస్యముగా దిద్దలేరు. అయినను మొదటి పద్దు వ్రాయువాడు మనుష్యుడే. అతడు అబద్ధము వ్రాసినచో యంత్రము ఆ అబద్ధమునే భద్రముగా దాచును. తవ్వినవానికి తగిన కూలి ముట్టినదా యని అది తనంతట అడుగదు. అడుగవలసినవాడు వర్తకుడు.

ఇందు పెద్ద వ్యాపారుల బాధ్యత పెద్దది. నాలుగు సానచక్రములతో బ్రదుకు చిన్న కార్ఖానాదారుడు ఈ లెక్కల ఖర్చును ఒంటరిగా భరింపలేడు. నియమము చేసి ఖర్చును అతని నెత్తిన వేసినచో నిజాయితీగల చిన్నవాడు సంతనుండి తొలగిపోవును. పెద్దవాడు మంచిపేరుతో మిగులును. ముందు నడుచువాడు ఖర్చులోను ముందుండవలెను.

హింస చేయుట, చేయించుట, ఆమోదించుట — మూడును బంధకారణములే యని జైనధర్మము చెప్పుచున్నది. కొనువాడు ఇందెక్కడ నిలుచును? ఎంత విచారించినను తెలియనివాడు క్షమార్హుడు. తెలిసినచో లాభము పోవునని అడుగనివాడు ఆ తెలియనితనమును తానే కొనుక్కొన్నవాడు. సరకు మామూలు ధరకంటె చవకగా వచ్చినప్పుడు “ఎందుకు?” అని అడుగుటయు, జవాబు రానప్పుడు ఆ పొట్లమును తిరిగి ఇచ్చివేయుటయు — వర్తకధర్మము ఇచ్చటనే మొదలగును.