సహాధ్యాయి ఋణము

చదువు ముగిసినదని ఇంటివారు భావించునప్పుడే పరిశోధక విద్యార్థికి నిజమైన చదువు ఆరంభమగుచున్నది. ఎం.ఏ. వఱకు దారి మఱియొకరు వేసినది. పాఠ్యగ్రంథములు నిర్ణయింపబడి యుండును. పరీక్ష తేది ముందుగ ప్రకటింపబడును. తప్పుచేసినచో మార్కులు తగ్గి ఆ సంగతి వెంటనే తెలియును. పరిశోధనలో అడుగిడిన వానికి ఇవి యేవియు లేవు. సమాధానమే కాదు, ప్రశ్నయు తానే వెదకుకొనవలెను. విశ్వవిద్యాలయ గ్రాంట్ల సంఘము 2022 లో చేసిన నియమముల ప్రకారము పీహెచ్‌డీ కాలము మూడేండ్లకు తక్కువ కారాదు. సామాన్యముగ ఆరేండ్లకు మించరాదు. యౌవనమున ఇన్ని యేండ్లు ఒంటరిగ నడచువానికి తోడెవరు? అతనికంటె రెండేండ్లు ముందుగ ఆ దారిని నడచినవాడు అతని విషయమున బాధ్యుడా, కాడా? ఇదియే మేము విచారింపదలచిన ప్రశ్న.

మన పెద్దలు విద్యను నాలుగు పాళ్లుగ పంచి చెప్పిరి. ఒక పాలు ఆచార్యునివలన, ఒక పాలు స్వబుద్ధివలన, ఒక పాలు సహాధ్యాయులవలన, తక్కిన పాలు కాలక్రమమున లభించునట. ఆచార్యునికి నమస్కరించు నాచారమును మనము నిలుపుకొంటిమి. స్వబుద్ధిని పరీక్షలచే కొలుచుచున్నాము. సహాధ్యాయుని పాలు మాత్రము మఱచితిమి. ఈ పాలు గురువు ఇయ్యగలిగినది కాదు. చిరకాలము క్రిందట నేర్చినవానికి తన తొలినాటి తెలియనితనము జ్ఞప్తియందుండదు. నిరుడు కాలు తగిలి పడినవానికి ఆ రాయి యెచ్చట నున్నదో బాగుగ తెలియును. మఱియొక కారణమును కలదు. గైడు సంతకము లేనిదే సిద్ధాంతగ్రంథము ముందునకు కదలదు. ఆ సంతకము చేయవలసిన చేతియెదుట నిలిచి “నాకిది బోధపడలేదు” అని చెప్పుట ఎంత మంచి గురువు నొద్దనైనను సులభము కాదు. సమానునియెదుట ఆ భయముండదు.

స్నేహమును శాసనముచే పుట్టింపవచ్చునా యని కొందఱు ఆక్షేపింతురు. విశ్వవిద్యాలయము ఒక పట్టిక వ్రాసి, ఈ సీనియరు ఈ జూనియరునకు మెంటరు అని ప్రకటించినంతమాత్రమున హృదయములు కలియునా? కలియవని మేమును ఒప్పుకొందుము. కాని నియమము లేనిచోట సహాయము ఎటు ప్రవహించుచున్నదో చూడుడు. నీరు పల్లమెఱుగునని సామెత, సహాయము చుట్టరికమెఱుగును. తన జిల్లావాడు, తన భాషవాడు, తన కాలేజీవాడు, చెప్పుటకు సిగ్గైనను చెప్పవలెను, తన కులమువాడు—వీరికే అది మొదట చేరును. అమెరికాకు ఉన్నతవిద్యకై పోవు మన తెలుగు విద్యార్థులను ముందుపోయినవారు విమానాశ్రయమున కలిసికొని, కొన్నినాళ్లు తమ గదిలో నుంచుకొని, బ్యాంకుఖాతా మొదలుకొని బియ్యము దొరకు అంగడి వఱకు చూపుచుందురు. ఇది మెచ్చదగిన గుణమే. ఐనను అచ్చటను “మనవారు” అను మాట హద్దు ఎంతవఱకో, ఆదరము తఱచు అంతవఱకే.

తాతతండ్రులలో నెవ్వరును కళాశాల గడప తొక్కని యింటినుండి ఒక యువతి విశ్వవిద్యాలయమునకు వచ్చినదనుకొందము. ఏ పత్రిక వ్యాసమును పరీక్షించి ప్రకటించును, ఏది రుసుము పుచ్చుకొని ఏదైనను అచ్చువేయును. ఫెలోషిప్పు కాగితములు ఎవరి బల్లమీద ఆగును. ముఖపరిచయము లేని పండితునికి జాబు ఎట్లు వ్రాయవలెను—ఇవి యే గ్రంథమునను లేవు. విద్యావంతుల బిడ్డలకు ఇవి భోజనమునొద్ద మాటలలో తెలియును. ఆమె యడుగదు. అది గర్వము కాదు. అడుగదగిన దేదియో తెలియకపోవుట. అట్టి వారికి నియమము స్నేహము నీయలేదు గాని హక్కు నిచ్చును. దయకై యెదురుచూచువారు తల వంచవలెను. హక్కు గలవారు తలయెత్తి యడుగవచ్చును.

విద్యార్థికి విద్యార్థియే తోడగుట మన దేశమున క్రొత్తది కాదు. 1789 లో చెన్నపట్నమున ఎగ్మూరునందలి సైనికుల అనాథబాలుర ఆశ్రమమునకు ఆండ్రూ బెల్ అను స్కాట్లండు దేశీయుడగు మతాచార్యుడు అధ్యక్షుడయ్యెను. దేశీయపు బడిలో పిల్లలు ఇసుకలో వ్రేలితో అక్షరములు దిద్దుట చూచి, ఆ పద్ధతి తన బడిలోను ఉండవలెనని ఆయన కోరెను. ఉపాధ్యాయులు సమ్మతింపకపోగా, ఎనిమిదేండ్ల బాలునొకనిని చిన్నపిల్లలకు నేర్ప నియమించెను. ఫలితము బాగుండెను. 1797 లో లండనున ఆయన ఈ వృత్తాంతమును ప్రకటించెను. అచ్చట అది మద్రాసు పద్ధతి యను పేరుతో వ్యాపించెను.

ఈ కథలో రెండు పాఠములు కలవు. చెప్పినవాడు తానును నేర్చుననునది మొదటిది. రెండవది చేదైనది. ఒక్క ఉపాధ్యాయుని జీతముతో వందలకొలది పిల్లలకు చదువు చెప్పింపవచ్చునని ఇంగ్లండున దాతలు సంతోషించిరి. క్రమముగ చదువు కవాతువలె మాఱి, బాలోపాధ్యాయులు చిన్న అధికారులైరి. మన విశ్వవిద్యాలయములును ఈ చవుకబేరమునకు లోబడరాదు. పరిశోధకులకు వారమునకు నాలుగు మొదలు ఆఱు గంటల వఱకు బోధనలోనో పరిశోధనలోనో సహాయపు పని యప్పగింపవచ్చునని 2022 నాటి నియమములు చెప్పుచున్నవి. ఆ గంటలకు లెక్క కలదు. జూనియరు వ్యాసము దిద్దుచు మేల్కొనిన రాత్రులకు లెక్క లేదు. ఆ లెక్కలేని పని మెత్తని మనసువారిమీదను, అందును స్త్రీలమీదను ఎక్కువగ పడుట మేము చూచుచున్నాము. గైడు చేయవలసినది సీనియరుచే చేయించి దానికి నాయకత్వమని పేరుపెట్టుట న్యాయము కాదు.

ఇక మూలప్రశ్నకు వత్తము. ముందు వచ్చుట అధికారమా, ఋణమా? అధికారమనినవారి జవాబు ర్యాగింగు. దానిని నిషేధించుచు ఆంధ్రప్రదేశమున 1997 లో చట్టము పుట్టెను. 2009 లో గ్రాంట్ల సంఘము దేశమంతటికి నియమములు చేసెను. ఆ నియమములలో శిక్షలు మాత్రమే గాక వేఱొక మాటయు కలదు. స్వచ్ఛందముగ ముందుకు వచ్చిన విద్యార్థులు క్రొత్తవారికి, ఆఱుగురికి ఒక్కరు చొప్పున, మెంటరులుగ నుండవలెను. అట్టి యాఱుగురు మెంటరులకు పైతరగతివారు ఒకరు తోడుండవలెను. ఏ ముందువెనుకల సంబంధము హింసకు మూలమైనదో దానినే రక్షకు సాధనముగ చేయబూనుట మంచి యాలోచన. కాని కాగితముమీది సంఖ్య చాలదు. ఆ యాఱుగురి పేర్లు మెంటరునకు తెలియునా? వారిలో నొకరు మూడు దినములు భోజనశాలకు రానిచో గమనించునా? పదవిని తన యోగ్యతాపత్రమున ఒక పంక్తి కొఱకే కోరినవాడు గమనింపడు.

అట్టివానికి గొప్ప పాండిత్య మక్కఱలేదు. తన విజయములకంటె తన తప్పులను ముందుగ చెప్పగలిగిన చాలును; తిరిగివచ్చిన తన వ్యాసమును చూపుట పది యుపదేశములకంటె మేలు. దారి చూపవలెను గాని నిర్ణయము తాను చేయరాదు. విన్నది బయట చెప్పరాదు. ఐనను దుఃఖము ప్రాణముమీదికి వచ్చునట్లు తోచినప్పుడు ఆ మౌనము పాపమగును. చేయిపట్టుకొని వైద్యునొద్దకు తీసికొనిపోవలెను, తానే వైద్యుడు కాబోరాదు. అతని నాయకత్వమునకు మా కొలత ఒక్కటే. ఏడాది గడచిన పిమ్మట ఆ జూనియరు అతని మాటను కాదనగలిగెనా? కాదనగలిగినచో ఆ తోడు ఫలించినది. ఇంకను అతని ముఖము చూచియే మాటలాడుచున్నచో మఱియొక దొర పుట్టినాడు.

గృహస్థులగు చదువరులకు ఇందేమి పని యందురేమో. సెలవులకు ఇంటికి వచ్చిన కొడుకును, కూతురును మన మడుగు ప్రశ్న “ఎప్పటికి ముగియును?” అనునదొక్కటే. “అచ్చట నీకు తోడెవరు? నీవెవరికి తోడు?” అని యడుగము. మన బిడ్డ హాస్టలు గదిలో క్రొత్తగ చేరిన పిల్ల కులమడుగక కుర్చీ వేసెనో లేదో తెలిసికొనుట, ఫెలోషిప్పు వచ్చెనో లేదో తెలిసికొనుటకంటె తక్కువ పని కాదు. ఏలయన ఈ ఋణమును ఇచ్చినవానికి తీర్చుటకు వీలులేదు. అతడప్పటికే ముందునకు పోయియుండును. వెనుక వచ్చువానికే దీనిని తీర్చవలెను. ఆ వెనుక వచ్చువాడు మనకు చుట్టము కానక్కఱలేదు.