ఆరు దినముల విశ్వాసము

ధ్యానభాగములు: యాకోబు 2:14–18, రూతు 2:1–16



ఆదివారమునాడు మన విశ్వాసమును కనుగొనుట కష్టము కాదు. గుడి గంట మ్రోగును. ఉతికిన బట్టలు కట్టుకొని, బైబిలును పాటల పుస్తకమును చేతబట్టుకొని బయలుదేరుదుము. దారిలో ఎదురైనవారు, వీరు ఆరాధనకు పోవుచున్నారని అనుకొందురు. మరి సోమవారము తెల్లవారుజామున సద్ది కట్టుకొని చేనికి పోవునప్పుడు మనమెవరమో ఊరివారికి దేనివలన తెలియును? యాకోబు తన పత్రికలో అడుగుచున్న ప్రశ్న ఇంచుమించు ఇదియే. ఒంటిమీద బట్టయు ఆ పూటకు తిండియు లేని సహోదరునికి చల్లని మాట చెప్పి పంపివేసినయెడల ఆ మాటవలన అతని కడుపు నిండునా అని ఆయన నిలదీయుచున్నాడు. ఆకలిని దగ్గరనుండి చూచినవాడు వ్రాసిన మాటవలె అది మనకు తోచును.

క్రియలు చేసి మనము రక్షణను కొనుక్కొనలేము. రోమా పత్రిక మూడవ అధ్యాయమునుండి మన పెద్దలు నేర్పిన ఈ సంగతిని ఎన్నడును విడువకూడదు. ఎఫెసీ పత్రిక రెండవ అధ్యాయములో 8, 9 వచనములను కంఠస్థము చేసినవారు మనలో అనేకులు గలరు. చిత్రమేమనగా, మన జ్ఞాపకము అక్కడనే ఆగిపోవును. పదియవ వచనములో పౌలు, కృప పొందినవారు నడుచుకొనుటకై దేవుడు మంచి పనులను ముందుగనే ఏర్పాటు చేసెనని చెప్పుచున్నాడు. మిరప చెట్టుకు కాయలు తెచ్చి కట్టువాడు లేడు. వేరు బ్రతికియున్నయెడల కాయ దానంతట అదే కాయును. అయితే కాయ పట్టని చేనిని చూపి, వేరు మాత్రము దివ్యముగా నున్నదని చెప్పు రైతును మన పల్నాటిలో ఎవరు నమ్ముదురు?

ఈ ప్రాంతమునకు సువార్త వచ్చిన దినములను జ్ఞాపకము చేసికొందము. 1842వ సంవత్సరము జూలై 31న గుంటూరు చేరిన ఫాదర్ హయ్యరుగారు 1849లో పల్నాటికి వచ్చి గురజాలలో నివసించిరి. అప్పటికి ఆయనకు 50 ఏండ్లు దాటినవి. ఆయన బోధకుడే గాక వైద్యము నేర్చినవాడు కూడ. దక్షిణమున ఒంగోలులో 1866నుండి క్లౌ దొరగారు పని చేసిరి. నరసరావుపేట, వినుకొండ క్షేత్రములు 1880 తరువాత ఆ పెద్ద ఒంగోలు క్షేత్రమునుండి వేరుపడినవే.

ఒంగోలు క్షేత్రములో తాళ్ళకొండపాడు వాస్తవ్యుడైన యర్రగుంట్ల పేరయ్యగారు మొదలైన తొలి విశ్వాసులకు చదువు లేదు. వారు వాక్యము నోట నేర్చిరేగాని పుస్తకము పట్టి కాదు. అయినను క్రైస్తవుడెవరో ఊరిలో అందరికిని తెలిసియుండెను. ఆ కాలమున వారిలో పాదుకొనిన నియమములు మూడు: ఆదివారము పని చేయరాదు, చచ్చిన పశువు మాంసము తినరాదు, విగ్రహములకు మ్రొక్కరాదు. వీటిలో రెండు పనికిని తిండికిని సంబంధించినవని గమనించుడి. మూడవదియు ఊరకనే పోలేదు. జాతరలో డప్పు కొట్టుట ఆ ఇండ్లవారికి తరతరములుగా ఊరు అప్పగించిన పని. క్రైస్తవులు డప్పు పట్టమనిరి. కొన్ని ఊళ్లలో పెద్దలకు కోపము వచ్చి వారిని బావి దగ్గరకు రానీయలేదు; అంగడిలో వారికి సరకు అమ్మవద్దనిరి. వేదాంతమును గూర్చి ఆ ఊరిలో ఎవరును తర్కించియుండరు. అయినను ఉప్పు దొరకక, నీళ్లు దొరకక పోయినప్పుడు కూడ మాట మార్చని వారిని చూచి, ఈ దేవుడెవరో అని ఊరు ఆలోచించెను.

తరువాత 1876–78లో గొప్ప కరవు వచ్చినది. అప్పుడు క్లౌ దొరగారు బకింగ్‌హామ్ కాలువలో మూడున్నర మైళ్ల త్రవ్వకమును ఒప్పుకొని, ఆకలితోనున్న వేలమందికి పని కల్పించిరి. సంఘ బోధకులే అక్కడ మేస్త్రీలైరి. ప్రయాసపడి భారము మోయువారిని ప్రభువు పిలిచిన మత్తయి 11వ అధ్యాయపు మాటలను వారు మట్టి తట్టల మధ్య కూర్చుండి చెప్పుచుండిరి. కూలి కొరకు క్రైస్తవులైరను మాట రాకుండ, కరవు పని సాగిన దినములలో బాప్తిస్మములు ఆపివేసిరి. కరవు తీరిన పిమ్మట 1878 జూలై 3వ తేదీన ఒక్కదినముననే 2,222 మంది బాప్తిస్మము పొందిరి. ఈ సంఖ్యను మన సభలలో తరచుగా చెప్పుదురు. మేస్త్రీ పని చేసిన బోధకులను గూర్చి అంతగా చెప్పరు. మా మట్టుకు మాకు, ఆ సంఖ్య వెనుక ఆ మేస్త్రీలున్నారని తోచుచున్నది. ఎండలో తట్ట మోయువానికి ప్రసంగముకంటె ముందు, తన పని లెక్క వ్రాయువాడు ఎటువంటివాడో తెలియును గదా.

ఇప్పుడు మన సంగతి చూతము. ఆ తాతముత్తాతల కాలములో మనము కూలి తీసికొనువారము. నేడు మనలో అనేకులు కూలి ఇచ్చువారైరి. 1955 డిసెంబరు 10న నాగార్జునసాగరమునకు పునాది వేసిరి. 1967 ఆగస్టు 4న కాలువలకు నీళ్లు వదలిరి. మన సంఘస్థులలో కొందరికి సొంత భూమి కలదు. కొందరు కౌలుకు చేసి మిరప, ప్రత్తి పెట్టుచున్నారు. కావున బోయజు చేను ఇప్పుడు మన చేను. రూతు గ్రంథము రెండవ అధ్యాయమును రైతు కన్నులతో చదివిచూడుడి. బోయజు పొలమునకు రాగానే కోతవారిని దేవుని పేరట పలుకరించెను; వారును అట్లే బదులు పలికిరి. పరదేశపు స్త్రీ పరిగె ఏరుకొనుటకు వచ్చినప్పుడు, పనివారు చేది తెచ్చిన నీళ్లు ఆమెను త్రాగుమనెను. భోజనవేళ కోతవారి ప్రక్కను కూర్చుండబెట్టి పేలాలు ఇచ్చెను. ఆమెను అవమానపరచవద్దని పనివారికి ఆజ్ఞాపించెను. అతడు ఎంతసేపు ప్రార్థన చేసెనో ఆ అధ్యాయములో లేదు.

కాయ కోతకు వచ్చువారికి మనము కొన్నిచోట్ల దినమునకింత అని ఇచ్చుదుము, కొన్నిచోట్ల కిలోకింత అని ఇచ్చుదుము. కిలో లెక్క అయినప్పుడు కాటా మన చేతిలోనుండును. గుంటూరు మిరప యార్డుకు టిక్కీలు తోలినప్పుడు, తేమ యున్నదనియు తాలు కాయ యున్నదనియు తరుగు తీసిరని మనమెంత బాధపడుదుము! ఇంటికి వచ్చి ఆ సంగతి పదిమందికి చెప్పుదుము. ఆ మరునాడే మన కాటా దగ్గర నిలిచిన అమ్మకు గోనె తూకమని, కాయ పచ్చిగానున్నదని మరికొంత తీసివేయుదుము. ఆమె ఎవరితో చెప్పుకొనును? లేవీయకాండము 19వ అధ్యాయములో తూకమును గూర్చి, పరదేశిని గూర్చి, తెల్లవారువరకు కూలి నిలిపియుంచకూడదనుటను గూర్చి దేవుడు ఒకచోటనే చెప్పెను. ద్వితీయోపదేశకాండము 24:15 మరియు గట్టిగా, సూర్యుడు క్రుంకకమునుపే ఇయ్యవలెననుచున్నది. ఇయ్యని కూలి పొలములోనుండి మొరపెట్టునని యాకోబు 5:4లో చదువుచున్నాము. ఆదివారము మన మైకు ఊరంతయు వినబడును. ఆ మొర వినుటకు దేవునికి మైకు అక్కరలేదు.

కాయ అమ్మిన తరువాత ఇచ్చెదనని చెప్పువాడు దుర్మార్గుడని మేము చెప్పుట లేదు. ధర పడిపోయిన ఏటను, కౌలు మీదపడిన ఏటను చేతిలో నిజముగా డబ్బు ఉండదు. ఆ కష్టము మనకు తెలియును. అయితే పురుగుమందుల అప్పు తీర్చుటకును, కౌలు కట్టుటకును ఏదో ఒక దారి వెదకుదుము. కూలి మాత్రము వెనుకకు నెట్టబడును. ఎందుకనగా అంగడివాడు గట్టిగా అడుగగలడు, కూలి తల్లి అడుగలేదు. దీనికి సంఘము ఒక పని చేయవచ్చును. పంటకోత పండుగలో వచ్చు కానుకలో కొంత భాగము ప్రక్కకు తీసి, కోతల కాలములో చేయి ఆడని కౌలుదారునికి వడ్డీ లేక బదులిచ్చి, పంట అమ్మగానే తిరిగి పుచ్చుకొనవలెను. దేవుని మందిరమునకు తెచ్చిన ధాన్యము కూలివాని పళ్లెములోనికి పోయినయెడల దేవునికి కోపము రాదు.

కాలువ నీళ్ల సంగతి కూడ ఒక మాట. వారబందీ పెట్టినప్పుడు నీళ్లు వంతుల ప్రకారము రావలెను. రాత్రి రెండు గంటలకు తూము దగ్గర ఎవరును ఉండరు. దిగువ రైతు వంతున గండి కొట్టినను అడుగువాడు లేడు. మూడున్నరకు గండి పూడ్చి, అయిదింటికి ఉదయకాల ప్రార్థనకు రావచ్చును. దిగువ రైతు మాత్రము తెల్లవారి తన మడిని చూచుకొని, ఎగువన ఎవరి చేనున్నదో జ్ఞాపకము చేసికొనును. అతనికి కరపత్రము ఇయ్యబోయినప్పుడు అతడు తీసికొనకపోయినయెడల ఆశ్చర్యపడనక్కరలేదు.

పల్నాటివారమైన మనకు చాపకూడు తెలియును. బ్రహ్మనాయుడు కులభేదము లేక అందరిని ఒకే చాపమీద కూర్చుండబెట్టి భోజనము పెట్టెనని కథ చెప్పుదురు. కారెంపూడి వీరుల ఉత్సవములలో దానిని నేటికిని జరుపుచున్నారు. ఊరివారు దానిని ఎరిగినవారే గనుక, మన ఇంటి పెండ్లి పంక్తిని కూడ చూచుచుందురు. మాల పల్లె సంఘమువారు, మాదిగ పల్లె సంఘమువారు ఒకే పాత్రలోని ద్రాక్షారసము త్రాగి, మరునాడు పెండ్లికి వేరువేరు వంటలు వండించుకొనినయెడల వారేమనుకొందురు? కొరింథు సంఘపు విందును గూర్చి పౌలు ఎంత కోపపడెనో మొదటి పత్రిక 11వ అధ్యాయములో ఇంటివారందరు కూడి చదువుడి.

ఏటేట మిరప కోతలకు కర్నూలు ప్రాంతపు పల్లెలనుండి కుటుంబములు బిడ్డలతో సహా వచ్చి, మన ఊళ్ల వెలుపల గుడారములు వేసికొని ఉందురు. వారు నీళ్లకు బిందెలు పట్టుకొని పల్లెలోనికి రావలసినదే. కొన్ని ఊళ్లలో గుడి ఆవరణలో బోరింగు కలదు. దాని గేటు తాళము సంఘ పెద్దయొద్ద నుండును. వారు చీకటితోనే పనికి పోవుదురు గనుక, కోతలు ముగియువరకు పెద్దలు వంతులు వేసికొని తెల్లవారుజామున నాలుగు గంటలకే ఆ గేటు తెరచి ఉంచవలెను.