చేతులు నిజమే, మరి కథ?

1998 ఏప్రిల్‌లో అమెరికన్ మెడికల్ అసోసియేషన్ జర్నల్‌లో ఒక పేపర్ వచ్చింది. దాని రచయితల్లో ఎమిలీ రోజా వయసు అప్పటికి 11 ఏళ్ళు. ప్రయోగం చేసింది అంతకుముందే, నాలుగో తరగతిలో, స్కూల్ సైన్స్ ఫెయిర్ కోసం. ‘థెరప్యూటిక్ టచ్’ అని ఒక పద్ధతి ఉంది. పేరులో టచ్ ఉంది కానీ ముట్టుకోరు; ఒంటికి కాస్త ఎడంగా చేతులాడించి ‘శక్తి క్షేత్రాన్ని’ సరిచేస్తారు. అలాంటివాళ్ళని 21 మందిని కూర్చోబెట్టింది. మధ్యలో అట్ట అడ్డం. దాని కంతల్లోంచి వాళ్ళు రెండు చేతులూ ఇవతలికి చాపాలి. ఎమిలీ బొమ్మా బొరుసూ వేసి, ఏదో ఒక చేతి మీదుగా తన చెయ్యి ఉంచుతుంది. ఏ చేతి దగ్గరుందో వాళ్ళు చెప్పాలి. 280 సార్లలో సరిగ్గా చెప్పింది 123. ఊరికే నోటికొచ్చింది చెప్పినా సగం కలిసేవి.

బగ్‌లు వెతుక్కుంటూ బతికేవాణ్ణి కాబట్టి నాకీ పేపరంటే మహా ముద్దు. ఇంత చవగ్గా, ఇంత శుభ్రంగా రాసిన టెస్ట్ కేస్ మా ఆఫీసులో ఎప్పుడూ చూళ్ళేదు.

రైకీ దీనికి దగ్గర చుట్టం. జపాన్‌లో 1922 ప్రాంతంలో మికావో ఉసుయి మొదలుపెట్టాడు, హవాయో తకాతా దాన్ని హవాయి పట్టుకెళ్ళింది, అక్కణ్ణుంచి ఊరూరా. విజయవాడక్కూడా. మావయ్య పోయాక మా మేనత్త వారానికి రెండుసార్లు వెళ్తోంది. నేను ఉత్సాహంగా ఎమిలీ కథంతా చెప్పాను. శ్రద్ధగానే వింది.

“ఆ పిల్లకి నా వయసొచ్చాక అడుగు. ఆవిడ భుజమ్మీద చెయ్యేస్తే ఆ రాత్రి నాకు నిద్ర పడుతుందిరా, అంతే” అంది.

నిద్ర పట్టడం అబద్ధం కాదు. చర్మంలో మెల్లటి స్పర్శకోసమే ఉన్నట్టుండే నరాలు కొన్ని ఉన్నాయి. సెకనుకి 1 నుంచి 10 సెంటీమీటర్ల వేగంతో నిమిరితే అవి బాగా స్పందిస్తాయి. పసివాడి వీపు నిమిరే అమ్మ చెయ్యి ఇంచుమించు ఆ వేగంతోనే కదుల్తుంది. రైకీలో నిమరడం తక్కువ, చెయ్యి ఆనిస్తారంతే. అయినా ఒక మనిషి గంటసేపు ఫోన్ చూడకుండా మన మీద చెయ్యేసి కూర్చోవడం ఈ రోజుల్లో చిన్న సంగతా?

అయితే ఫలితం నిజమైనప్పుడు, వివరణ అబద్ధమైతే నష్టమేమిటి?

తేలికైన జవాబు ఒకటుంది. 2011లో న్యూ ఇంగ్లండ్ జర్నల్ ఆఫ్ మెడిసిన్‌లో ఆస్తమా రోగుల మీద చేసిన పరిశోధన వచ్చింది. ఉత్తుత్తి ఇన్‌హేలర్ పీల్చినవాళ్ళు కూడా అసలు మందు పీల్చినవాళ్ళంత హాయిగా ఉందన్నారు. ఊపిరితిత్తుల పనితీరు కొలిస్తే మాత్రం మందు తీసుకున్నప్పుడు 20 శాతం మెరుగు, మిగతావాటికి 7 దగ్గర. హాయి వేరు, ఊపిరి వేరు. హాయిని నమ్ముకుని మందు మానేస్తే ప్రాణం మీదికొస్తుంది. నిజమే. కానీ అత్తయ్య బీపీ మాత్ర ఒక్కపూట మానదు. ఆవిడ విషయంలో ఈ జవాబు చెల్లదు.

నన్ను తినేసేది వేరే. మనలో పెద్దవాళ్ళని ముట్టుకోవాలంటే ఏదో ఒక సాకు కావాలి. పండగ తలంటు, పెళ్ళి నలుగు, జ్వరమొస్తే నుదుటి మీద చెయ్యి. భర్త పోయిన ఆడమనిషిని నలుగు దగ్గరికి కూడా రానివ్వని ఇళ్ళు ఇప్పటికీ చూస్తున్నాం. అరవై దాటిన అత్తయ్య “నన్నెవరైనా కాసేపు పట్టుకోండి” అని ఏ నోటితో అడుగుతుంది? ‘శక్తి’ అన్నది ఆవిడకి దొరికిన పర్మిషన్ లెటర్.

ఆ లెటరుకి ఖరీదుంది, అది కట్టేది వేరేవాళ్ళు. తల మర్దన చేసే మంగలి వేళ్ళకీ, పురుడు పోసి బాలింతకి ఒళ్ళు పట్టిన మంత్రసాని చేతులకీ ఏ శక్తి క్షేత్రమూ అక్కర్లేకపోయింది. తరాలుగా ఒళ్ళు ముట్టుకుని హాయినిచ్చినవాళ్ళని కులం పేరుతో కిందకే చూశాం. అదే పనికి విశ్వశక్తి అని పేరు పెట్టి, సర్టిఫికెట్ ఫ్రేము కట్టి గోడకి తగిలిస్తే ‘మాస్టర్’ అంటున్నాం. అబద్ధం అత్తయ్యకి చేసిన హాని నాకు కనబళ్ళేదు. చేతులకి రావాల్సిన గౌరవాన్ని విశ్వానికి జమ కట్టడం మాత్రం కనిపిస్తోంది. అత్తయ్యకి నిద్ర పట్టిస్తున్న ఆ రైకీ ఆవిడ కూడా, “నాదేం లేదండీ, నేను పైపు లాంటిదాన్ని” అంటుందట.

కథ తీసేసి చేతులు మాత్రం ఉంచలేమా అని మొన్న వెళ్ళినప్పుడు కొబ్బరినూనె సీసా తీసుకుని అత్తయ్య వెనక కూర్చోబోయాను. “మగపిల్లాడివి, నీకెందుకురా ఇవన్నీ! ఎవరన్నా చూస్తే నవ్వుతారు” అని సీసా లాక్కుంది. తర్వాత కళ్ళజోడు పెట్టుకుని, నాలుగింటికి ఆటో బుక్ చెయ్యమని తన ఫోన్ నా చేతికిచ్చింది. ఆ రోజు రైకీ.