అద్దె ఇల్లు - గృహస్థ ధర్మము

శ్రీనివాసుని దర్శనార్థము తిరుమల చేరిన యాత్రికుడు మొదట ఎవరిని సేవించవలెను? పెద్దలు చెప్పే సమాధానము అందరికీ తెలిసినదే. స్వామి పుష్కరిణి తీరమున వెలసిన ఆదివరాహస్వామిని ముందు సేవించి, ఆ పిమ్మటనే ఆనందనిలయమునకు వెళ్లవలెను. నైవేద్యము కూడ ముందు ఆ స్వామికే. ఈ ఆచారమునకు మూలమైన కథను భక్తులు తరతరాలుగా చెప్పుకొనుచున్నారు. వైకుంఠమును వీడి వచ్చిన శ్రీనివాసుడు ఈ కొండపై నిలుచుటకు చోటు లేక, క్షేత్రాధిపతియైన వరాహస్వామిని నూరడుగుల నేల అడిగినాడు. లక్ష్మి దూరమైనందున ఆయన చేతిలో ధనము లేదు. అందుచే ధనమునకు బదులుగా, తన కొరకు వచ్చే భక్తుల ప్రథమ దర్శనము, ప్రథమ పూజ, ప్రథమ నైవేద్యము వరాహస్వామికే చెందునట్లు ఒప్పుకొన్నాడు. వరాహస్వామి చోటు ఇచ్చుటతో ఊరుకొనక, ఆయనకు పరిచర్య చేయుటకు వకుళమాతను కూడ పంపినాడు.

అనగా జగత్తుకంతటికీ యజమానియైనవాడు ఈ కొండపై మరియొకరి చోట నిలిచి ఉన్నాడు. ఈ కథను మనము ఎన్నిమార్లు విన్నామో లెక్కలేదు. కాని ఇల్లు అద్దెకు ఇచ్చే గృహస్థులు దీనిని తమ కొరకు చెప్పిన కథగా ఎన్నడైనా విన్నారా? నేను వినవలసిన సమయములో వినలేదు. అందువలన జరిగిన పొరపాటును చెప్పుకొనుటకే ఈ నాలుగు మాటలు.

ఉద్యోగ విరమణ చేసినవారు, పిల్లల పెళ్లిళ్లు చేసి కొంత మిగిల్చుకొన్నవారు, చేతిలోని సొమ్ముతో ఒక చిన్న ఇల్లు ఏర్పరచుకొని అద్దెకు ఇవ్వవలెనని తలచుట సహజము. అది దోషము కాదు. అర్థమును మన పూర్వులు పురుషార్థములలో ఒకటిగా చేర్చినారు. ధర్మమును విడువకుండ సంపాదింపుమనియే వారు చెప్పినారు. తలదాచుకొనుటకు చోటు లేనివానికి చోటు చూపి, తగిన ప్రతిఫలము పొందుట వంచన కాదు. మరి ఒక యజమాని దయ గలవాడుగాను, మరియొకడు కఠినుడుగాను ఎందుకు అగుచున్నారు? అది వారి వారి స్వభావమని మనము అనుకొందుము. నా అనుభవము వేరొకటి చెప్పుచున్నది.

నేను ఉపాధ్యాయుడను. 2017లో పదవీ విరమణ చేసి, తండ్రిగారి నుండి సంక్రమించిన స్థలములో రెండు వాటాల ఇల్లు కట్టించినాను. చేతిలోని సొమ్ము చాలక, కుమారుని పేరు కూడ చేర్చి బ్యాంకులో 20 లక్షల రూపాయలు అప్పు తీసికొన్నాను. నూటికి 9 వంతున 20 ఏండ్ల గడువునకు లక్షకు నెలకు సుమారు 900 రూపాయలు కట్టవలెను. నా వాయిదా 18,000 అయినది. రెండు వాటాలకు అద్దె 9,000 చొప్పున 18,000 వచ్చుచుండెను. ఆ రెండు అంకెలు ఒక్కటే అగుట చూచి నేను ఎంత మురిసిపోయినానో చెప్పలేను. ఇల్లే తన అప్పును తాను తీర్చుకొనునని మిత్రులతో చెప్పుకొన్నాను.

క్రింది వాటాలో పెళ్లిళ్లకు వంటలు చేసే ఒకాయన భార్యాబిడ్డలతో ఉండెడివాడు. నెల మొదటి వారము దాటకుండ అద్దె ఇచ్చెడివాడు. శనివారమునాడు వారి ఇంట చేసిన పులిహోర మా ఇంటికి రాకుండ ఉండెడిది కాదు. 2020 మార్చి 25న దేశమంతట లాక్‌డౌన్ వచ్చినది. పెళ్లిళ్లు ఆగినవి. ఏప్రిల్ మొదట ఆయన వాకిట నిలుచుండి, "మాస్టారూ, ముహూర్తాలన్నీ పోయాయి. రెండు నెలలు ఓర్చుకోండి. పనులు మొదలు కాగానే తీర్చేస్తాను" అన్నాడు. నేను, "నీ కష్టం నాకు తెలియనిది కాదయ్యా. కాని బ్యాంకు వాళ్లు నా కోసం ఆగరు గదా" అన్నాను.

ఆ మాట అసత్యము. మార్చి 27ననే రిజర్వు బ్యాంకు మూడు నెలల వాయిదాలను నిలుపుకొనుటకు అనుమతించినది; పిమ్మట ఆ గడువును ఆగస్టు చివరి వరకు పొడిగించినది. నేను ఆ వెసులుబాటును పొంది ఉన్నాను. కాని నిలిపిన కాలమునకు వడ్డీ పెరుగునన్న భయము నన్ను పట్టుకొన్నది. కార్మికులను ఒక నెల అద్దె అడుగరాదని కేంద్ర ప్రభుత్వము మార్చి 29న ఆదేశించిన సంగతి కూడ నాకు తెలియును. వంటవాడు కార్మికుడగునా కాడా అని నాలో నేను తర్కించుకొని, నాకు అనుకూలమైన సమాధానమునే చెప్పుకొన్నాను. నాకు దొరికిన గడువును నేను మరియొకరికి ఇవ్వలేదు.

పది దినముల పిమ్మట ఆయన రెండు నెలల అద్దె తెచ్చి ఇచ్చినాడు. జూలైలో ఇల్లు ఖాళీ చేసి స్వగ్రామము పోయినారు. పోవునాడు ఆ ఇల్లాలు ఇల్లు కడిగి, వాకిట ముగ్గు పెట్టి, మా ఇంటిదానితో "పిన్నిగారూ, వెళ్లొస్తాము" అని చెప్పినది. ఆమె చేతులకు మట్టిగాజులు మాత్రమే ఉన్నవి. బంగారు గాజులు ఏమైనవో అడుగనక్కరలేదు. ఆనాడు కూడ నేను అడ్వాన్సులో సున్నము ఖర్చుకని 2,000 పట్టుకొని మిగిలినది ఇచ్చినాను. తరువాత ఆ వాటా నాలుగు నెలలు ఖాళీగా ఉన్నది. ఆయనకు రెండు నెలల గడువు ఇవ్వని నేను, నాలుగు నెలల అద్దె పోగొట్టుకొన్నాను.

2022లో తిరుమల వెళ్లి వరాహస్వామి ఎదుట నిలుచున్నప్పుడు ఈ కథ అంతయు నాకు కొత్తగా వినిపించినది. చేతిలో ధనము లేనివానికి ఆ స్వామి చోటు ఇచ్చినాడు, ఇవ్వగలిగినదే అడిగినాడు, పైగా ఆకలి చూచుటకు ఒక తల్లిని పంపినాడు. నేనేమి చేసినాను? నేను స్వభావముచే కఠినుడను కాను. బడిలో ఫీజు కట్టలేని పిల్లలకు నా జీతములో నుండి కట్టినవాడను. మరి ఆనాడు ఆ కాఠిన్యము ఎక్కడి నుండి వచ్చినది? అద్దెయు వాయిదాయు సమానమని మురిసిన ఆ కాగితము మీది నుండి వచ్చినది. ఆ లెక్కలో నేను దయకు ఒక్క రూపాయి కూడ చోటు విడువలేదు. యజమాని చేయు అన్యాయము వాకిట తగవు పడిన దినమున పుట్టదు; ఇల్లు కొను దినమున, శక్తికి మించిన అప్పులో పుట్టును.

కావున ఈ మార్గమున క్రొత్తగా అడుగుపెట్టువారికి నా విన్నపము ఇది. అద్దె రాకపోయినను మన పింఛనుతోనో జీతముతోనో కట్టగలిగినంత వాయిదానే పెట్టుకొనుడు. ఏడాదికి 12 నెలల అద్దె వచ్చునని లెక్కింపకుడు, పదినెలలదే వచ్చుననుకొనుడు. ఖాళీగా ఉండే దినములు, పురపాలక పన్ను, పైకప్పు కారుట, మోటారు చెడుట అన్నియు మిగిలిన రెండు నెలలలో ఇముడును. ఆదాయపు పన్ను చట్టము సైతము పురపాలక పన్ను పోగా మిగిలిన అద్దెలో 30 శాతమును లెక్క నుండి మినహాయించుచున్నది. అద్దె అంతయు లాభము కాదని ప్రభుత్వమే ఒప్పుకొన్నప్పుడు మనము ఒప్పుకొనక పోవుట ఏమి? ఆరు నెలల వాయిదాలకు సరిపడు సొమ్మును, నా లెక్కకైతే 1,08,000 రూపాయలను, వేరుగా ఉంచుకొనుడు. అది కష్టకాలమున వాకిట నిలుచువానికి మనము చెప్పగల మంచి మాటకు మూలధనము.

అడ్వాన్సు మన సొమ్ము కాదు; అది నిక్షేపము. 2021లో కేంద్రము రాష్ట్రములకు నమూనాగా పంపిన అద్దె చట్టము నివాస గృహములకు రెండు నెలల అద్దెకు మించి అడ్వాన్సు కూడదన్నది. ఇంటిలో పైకి కనబడని పెద్ద లోపమేదైన ఉండి, అది యజమానికి తెలిసినయెడల, అద్దెకు వచ్చువానికి ముందుగా చెప్పవలెనని 1882 నాటి ఆస్తి బదిలీ చట్టము నిర్దేశించుచున్నది. ఒప్పందము వ్రాసికొనుట అవిశ్వాసము కాదు. శ్రీనివాసుడు కూడ కుబేరునికి పత్రము వ్రాసి, సాక్షుల ఎదుట అప్పు తీసికొన్నాడని కదా చెప్పుదురు! అద్దెకున్నవానికి న్యాయముగా తిరిగి ఇవ్వవలసిన 2,000 ఇవ్వక హుండీలో 5,000 వేసినను, ఆ బాకీ తీరదు.

అట్లయిన యజమాని మోసపోవలసినదేనా అని కొందరు అడుగవచ్చును. ఉండియు ఇవ్వనివానిని అడుగుట, వినకున్న న్యాయస్థానమునకు పోవుట అధర్మము కాదు. అద్దెకున్నవానికిని ధర్మము కలదు. కొండపై చోటు పొందిన స్వామి తన మాటను మరువలేదు. నేటికిని ముందు నైవేద్యము వరాహస్వామికే జరుగుచున్నది. లేనివానికిని, ఇవ్వనివానికిని భేదము తెలిసికొనుటకు మాత్రము మనస్సు నెమ్మదిగా ఉండవలెను. వాయిదా తరుముచున్న మనస్సు ఇద్దరిని ఒక్కటిగానే చూచును.

తిరుమల నుండి వచ్చిన పిమ్మట ఆ వంటవాని గ్రామము కనుగొని, పట్టుకొన్న 2,000, ఆ రెండు నెలల అద్దె 18,000 కలిపి పంపినాను. ఆయన 2,000 ఉంచుకొని తక్కినది తిప్పి పంపుచు, "ఉన్న నెలలకు అద్దె ఇచ్చాను మాస్టారూ, అది మీదే" అని కబురు చేసినాడు. అద్దెకున్నవాని ధర్మమును ఆయన నిలుపుకొన్నాడు. ఇంటివాని ధర్మమును నేను చాల ఆలస్యముగా నేర్చుకొన్నాను.

అంతయు భగవంతునికి శేషభూతమే అని నమ్మిన వైష్ణవునికి ఇల్లు తనదన్నమాట వాడుకకు మాత్రమే. మనమును ఆయన చోటనే ఉన్నాము. గడువు అడిగిన ప్రతిమారు ఆయన ఇచ్చుచునే ఉన్నాడు. మన వాకిట నిలిచినవానికి దానిలో కొంత పంచగలిగిన స్తోమతును, ఆ స్తోమతుకు లోబడి కొనే వివేకమును శ్రీవరాహ వేంకటేశ్వరులు మనకు ప్రసాదింతురు గాక!