ఔషధ దాసోహము – ఎఱుక

మన ఇండ్లలో పోపులపెట్టెయే మొదటి మందులపెట్టె. జలుబు చేసినచో శొంఠి కషాయము, కడుపు ఉబ్బరించినచో చిటికెడు వాము, గొంతు నొచ్చినచో ఉప్పునీటి పుక్కిలింత. వీనికొఱకు ఎవరును వైద్యుని గడప త్రొక్కరు, త్రొక్కవలసిన పనియును లేదు. ఇరుగుపొరుగు వారికి కూడ వారు అడుగకయే ఇత్తుము. ఇచ్చి, ఒక దాసోహము చేసితిమను తృప్తి పొందుదుము. ఆ తృప్తి ఎంతవఱకు న్యాయమైనది అన్నదే నేనిచట విచారింపదలచిన ప్రశ్న.

ఈ ప్రశ్న నాకు గ్రంథములలో పుట్టినది కాదు. 30 ఏండ్ల క్రిందట మా బంధువుల ఇంటి కోడలికి ఏడవ నెలలో కామెర్లు వచ్చెను. మా ప్రాంతమున ఆకుపసరు పోయు వృద్ధుడొకాయన ఉండెను. ఆమెను ఆయన వద్దకు తీసికొనిపోయినది నేనే. ఆయన సదాచారి, లింగనిష్ఠ గలవాడు, ఎవరి వద్దను ఒక్క రూపాయియైన పుచ్చుకొనెడివాడు కాడు. మూడు ఉదయములు పసరు పోసి, ఉప్పు, నూనె మానుమని చెప్పెను. మూడవనాటి రాత్రి ఆమెకు మతి తప్పెను. పట్టణమునందలి ఆసుపత్రికి చేర్చితిమి కాని తల్లి దక్కలేదు, బిడ్డయు దక్కలేదు. కలుషితమైన నీటివలన వ్యాపించు హెపటైటిస్ ఇ అను కామెర్ల వ్యాధి నిండు నెలల గర్భిణులకు ఎంతటి ప్రాణాంతకమో నాకు అటుపిమ్మట తెలిసెను. ముందే చేర్చియున్నచో ఆమె బ్రతికెడిదని నేను చెప్పజాలను. ఆ మూడు దినములను మాత్రము మేమే పోగొట్టితిమి.

వృద్ధునికి లోభము లేదు. నాకు దురుద్దేశము లేదు. మఱి దోషమెవరిది?

మనస్సు నిర్మలమైనచో దోషమంటదని పెద్దలు కొందరు నన్ను ఓదార్చిరి. కొంతకాలము నేనును ఆ మాటనే పట్టుకొని యుంటిని. కాని శరణుల మార్గములో ఎఱుక, ఆచారము అనునవి విడదీయరానివి. ఎఱుక లేని ఆచారమును వారు మెచ్చలేదు. దాసోహము పేరిట పెట్టిన అన్నము పాచిపోయినదై తిన్నవారికి వాంతులైనచో, ఉచితముగా పెట్టితిమి కదా అని తప్పించుకొందుమా? అన్నమునకు లేని మినహాయింపు మందునకు ఎక్కడనుండి వచ్చును? వెల పుచ్చుకొనక పోవుట లోభమునుండి కాపాడును గాని అజ్ఞానమునుండి కాపాడదు.

ఆ వృద్ధుడు అబద్ధమాడెనని నేననను. ఆయనకు తన పసరుపై గల విశ్వాసము నిజమైనది. కామెర్లలో చాల భాగము, హెపటైటిస్ ఎ వంటివి, విశ్రాంతితోను పథ్యముతోను కొన్ని వారములలో తమంతట తామే తగ్గును. పసరు త్రాగినవారికిని తగ్గును, త్రాగనివారికిని తగ్గును. బాగైనవారు కొబ్బరికాయ పట్టుకొని ఆయన వద్దకు తిరిగి వచ్చెడివారు. బాగుకానివారు తిరిగి రాలేదు. ఆయన లెక్కలో అందఱును బాగైనవారే. పిత్తనాళములో రాయి అడ్డుపడిన కామెర్లకు, ఎలుకల మూత్రమువలన వచ్చు జ్వరములోని కామెర్లకు, గర్భిణి కామెర్లకు ఒకే ఆకు ఎట్లు చాలును?

పైగా ఆ ఆకు పేరు ఆయన ఎవరికిని చెప్పలేదు. చెప్పినచో మందు పారదట! ఈ నమ్మకము పల్లెలలో నేటికిని కలదు. ఇది నాకు అన్నిటికన్న ఎక్కువ బాధ కలిగించును. పన్నెండవ శతాబ్దమున కల్యాణములో ప్రశ్నించుటకు అందఱికిని ఆసనము వేసిన సంప్రదాయము మనది. ఆ శరణులలో వైద్యమే కాయకముగా గల వైద్య సంగణ్ణ ఒకడు. తరువాతి కాలమున మన తెలుగునాట వీరశైవుడైన బసవరాజు తన వైద్యమును దాచుకొనక బసవరాజీయము వ్రాసి లోకమునకు ఇచ్చెను. సంస్కృతముతో తెలుగును కలిపి వ్రాసిన ఆ గ్రంథము నాడీపరీక్షతో ఆరంభమగును. మందు తరువాతి మాట, ముందు రోగమేదో తెలియవలెను. అందలి పాదరస యోగములను చూచి ఇంటిలో కల్వము ముందఱ కూర్చుండుట మాత్రము ఎవరును చేయరాదు. అవి శుద్ధి యెఱిగిన వైద్యుల పని.

“చెట్టు మందు, చెడుపు చేయదు” అను మాట తఱచుగా వినబడును. శివునికి ప్రీతియని మనము సమర్పించు ఉమ్మెత్త, గన్నేరు రెండును విషములే. ఈశ్వరి అని స్వామి పేరే పెట్టుకొన్న తీగ వేరులో అరిస్టోలోకిక్ ఆమ్లము కలదు. అది మూత్రపిండములను చెఱచును, క్యాన్సరును కలిగించును. 1990 ప్రాంతమున బ్రస్సెల్సు నగరములో బరువు తగ్గుటకై ఒక మూలికకు బదులు పొరపాటున ఈ జాతి మూలిక కలిసిన మందు మ్రింగిన స్త్రీలు అనేకులు మూత్రపిండములు పోగొట్టుకొనిరి. మన దేశమున 2021లో తిప్పతీగ వాడిన కొందరికి కాలేయము చెడినదని ముంబయి వైద్యులు ప్రకటించిరి. ఆయుష్ మంత్రిత్వ శాఖ దానిని అంగీకరింపక, అదే పోలిక గల వేఱొక తీగ అయియుండవచ్చుననెను. ఎవరి మాట నిజమైనను, పెరటిలోని తీగ ఏదో మనకు నిశ్చయముగా తెలియవలెనన్నది తేలుచున్నది కదా.

పసిబిడ్డల విషయమున మన అవ్వలను నొప్పించు మాట చెప్పక తప్పదు. మాటలు త్వరగా వచ్చునని తేనెలో అరగదీసి వస నాకింతుము. ఏడాది నిండని బిడ్డకు తేనె తగదు. అందుండు సూక్ష్మజీవివలన బోటులిజమ్ అను పక్షవాతము రావచ్చును. వసలోని ఒక ద్రవ్యము జంతువులలో క్యాన్సరు కలిగించుటవలన అమెరికాలో 1968లోనే ఆహారములందు వసను నిషేధించిరి. బిడ్డ ముక్కులోను గొంతులోను పోసిన ఆముదము ఊపిరితిత్తులలోనికి దిగినచో న్యుమోనియా వచ్చును.

ఇంతమాత్రమున పోపులపెట్టెను మూయుమని నా భావము కాదు. విరేచనములైనప్పుడు ఉప్పు వేసిన పలుచని గంజి నిజమైన మందు, నేటి వైద్యులును దానిని మెచ్చుదురు. అయితే ఇచ్చువాడు కొన్ని అడుగవలెను: రోగి వయస్సెంత, గర్భిణియా, రక్తపోటునకో రక్తము పలుచబడుటకో మాత్రలు వాడుచున్నాడా, ఎన్ని దినములైనది? అతిమధురము దినముల తరబడి నమిలినచో రక్తపోటు పెరుగునని ఎంతమందికి తెలియును? కన్ను పచ్చబడినను, రక్తము పడినను, ఊపిరి ఆడకున్నను, జ్వరము మూడు దినములు దాటినను, బిడ్డ పాలు విడిచి మూత్రము పోయకున్నను కషాయము కాచుచు కూర్చుండరాదు. పాముకాటునకైతే ఏ వేరును వలదు, విషమునకు విరుగుడు సూదిమందు ఆసుపత్రిలోనే కలదు.

మఠములలో మూలికలు పంచు స్వాములకు ఒక విన్నపము. ప్రతి పొట్లముపై చెట్టు పేరు వ్రాయించుడు. రేపు రోగి ఆసుపత్రికి పోయినచో, ఏమి తిన్నాడో అచటి వైద్యునికి తెలియవలెను.

ఆ వృద్ధుడు గతించి చాల కాలమైనది. మా పెరటిలో తులసి, వామాకు ఉన్నవని ఇప్పటికిని కొందరు వత్తురు. గత కార్తికమున ఒక అత్తగారు కోడలిని వెంటబెట్టుకొని కామెర్లకు ఆకు అడుగ వచ్చెను. ఎన్నవ నెల అమ్మా అని కోడలిని అడిగితిని. ఆరవది అనెను. నాకు తెలియదని చెప్పి, నేనే ఆటో పిలిచి ఇద్దఱిని ఆసుపత్రికి పంపితిని. పెరటిలో ఆకులుండియు ఇవ్వలేదని ఆ అత్తగారికి నాపై నేటికిని కోపమే.