ఆవృత్తి, పునఃపఠనం: ‘మాలపల్లి’ ఆధారంగా ఒక విచారణ

ఒకసారి చదివి ముగించిన గ్రంథాన్ని మళ్లీ చదివితే కొత్తగా తెలిసేదేమైనా ఉంటుందా అన్న ప్రశ్న సాహిత్యానికి చెందినదిగా కనిపించినా, వేదాంతులు దీన్ని ఏనాడో చర్చించారు. బ్రహ్మసూత్రాల నాలుగో అధ్యాయం ‘ఆవృత్తి’తో, అంటే ఉపదేశాన్ని పలుమార్లు విని మననం చేయవలసిన అవసరంతో మొదలవుతుంది. ఒకసారి విన్నప్పుడు కలగని జ్ఞానం పదిసార్లు విన్నంత మాత్రాన ఎలా కలుగుతుందని పూర్వపక్షి, అంటే ప్రతివాది, ఆక్షేపిస్తాడు. లోపం వాక్యంలో లేదనీ, వినేవాని బుద్ధిలోని సంశయాలూ పొరపాటు గ్రహింపులూ తొలగేదాకా, వడ్లు బియ్యమయ్యేవరకు దంచినట్లు, ఆవృత్తి సాగాలనీ శంకరుల సమాధానం.

పాఠ్యాంశంగా చదివిన నవలకు ఈ వాదం ఎంతవరకు వర్తిస్తుందో పరిశీలించడానికి ఉన్నవ లక్ష్మీనారాయణ ‘మాలపల్లి’ అనువైనది. జైలులో రచితమై 1922లో వెలువడిన ఈ నవలను మద్రాసు ప్రభుత్వం నిషేధించింది. ఆంధ్ర విశ్వవిద్యాలయం దీన్ని పాఠ్యగ్రంథంగా ఎంచుకున్నప్పుడు కూడా అడ్డు తగిలింది. 1937లో కాంగ్రెస్ మంత్రివర్గం ఏర్పడిన తరువాతనే ఆంక్షలు తొలగాయి. ప్రభుత్వం భయపడిన పుస్తకమే కాలక్రమంలో తరగతి గదిలో పాత్రచిత్రణ, ఇతివృత్తం, సందేశం అనే మూడు ప్రశ్నలకు కుదించుకుపోయింది. పరీక్ష కోసం చదివే విద్యార్థికి రామదాసు సహనశీలి, అతని కొడుకు వెంకటదాసు తిరుగుబాటుదారు, భూస్వామి చౌదరయ్య దుష్టుడు. తీర్పు ముందే సిద్ధంగా ఉన్నందువల్ల విచారణకు చోటుండదు.

రెండోసారి చదివినప్పుడు ప్రధానంగా ఎదురయ్యేది కర్మసిద్ధాంతం. మరో కొడుకు సంగదాసు చౌదరయ్య చేతిలో ప్రాణాలు కోల్పోయినా శాంతం విడవని రామదాసులో బాల్యపఠనానికి నిస్సహాయతే కనిపించవచ్చు. అయితే అనుభవానికి వచ్చిన పూర్వకర్మఫలాన్ని ప్రారబ్ధమనీ, ఇప్పుడు చేసే పని వల్ల మున్ముందు కలగబోయే ఫలాన్ని ఆగామి అనీ విభజించిన సిద్ధాంతం ప్రకారం, దెబ్బ తిన్నవాడు దాన్ని తన ప్రారబ్ధంగా భావించినా, కొట్టినవాడి చర్య అతని ఖాతాలో కొత్త కర్మగానే చేరుతుంది. కాబట్టి రామదాసు సహనం చౌదరయ్యను నిర్దోషిగా చేయదు. పేదల బాధను వారి పూర్వకర్మకు వదిలేసి చేతులు దులుపుకొనే సమాజానికి ఆ సిద్ధాంతంలోనే ఆశ్రయం దొరకదు.

అయితే పాఠకుడి బుద్ధి ఇలా మారడానికి తర్కం ఒక్కటే చాలదు, జీవితానుభవం కూడా కావాలి. ధాన్యం ధర పెరిగినప్పుడు కూలీ గింజల్లో ఇవ్వాలా, డబ్బుగా ఇవ్వాలా అన్న తగాదా నవలలో విద్యార్థి త్వరగా దాటిపోయే భాగం. పెబ్బేరు, వనపర్తి, గద్వాల ప్రాంతంలో, కరువు వెంటాడిన పల్లెల నుంచి గుంపుమేస్త్రీ ఇచ్చిన అడ్వాన్సుకు కట్టుబడి ‘పాలమూరు లేబర్’ పేరుతో దూరప్రాంతాల ఆనకట్టల పనులకు వెళ్లిన కుటుంబాలను ఎరిగిన పాఠకుడు, కూలీ ఏ రూపంలో, ఎప్పుడు, ఎవరి లెక్క ప్రకారం ముడుతుందన్నదే స్వేచ్ఛకు కొలమానమని ఆ పుటల్లోనే గ్రహిస్తాడు. చౌదరయ్య క్రౌర్యం ఒక మనిషి స్వభావంగా కాక, లెక్క రాసే అధికారం ఒకరి చేతిలోనే ఉన్న వ్యవస్థగా అప్పుడు కనిపిస్తుంది.

అయితే వేదాంతులు ఆవృత్తి చేయమన్న శ్రుతికీ, అంటే వేదవాక్యానికీ, నవలకూ ఒక ముఖ్యభేదం ఉంది. శ్రుతివాక్యపు ఆవృత్తి జ్ఞానోదయంతో ముగుస్తుంది, ఎందుకంటే దాని తాత్పర్యం ఒక్కటేనని వేదాంతి అంగీకరించాడు. నవలకు అలాంటి ముగింపు లేదు, తండ్రి రామదాసు శాంతానికీ కొడుకు వెంకటదాసు తిరుగుబాటుకూ మధ్య ‘మాలపల్లి’ పాఠకుణ్ణి నిలబెట్టి ఏ ఒక్కదాన్నీ పూర్తిగా కొట్టివేయదు. అందువల్ల పాఠశాల నిర్ణయించిన నవలను పెద్దయ్యాక మళ్లీ చదవడం మరచిన పాఠాన్ని గుర్తు చేసుకోవడం కాదు, అప్పుడు అరువు తెచ్చుకున్న తీర్పును పక్కన పెట్టి, ఇప్పుడు సొంత బాధ్యతపై తీర్పు చెప్పడానికి పూనుకోవడం.