ఓటమి ఎరుగనివాడే గొప్పవాడా?

దైవప్రవక్త ముహమ్మద్ (స) దగ్గర ఒక ఆడ ఒంటె ఉండేది. దాని పేరు అద్‌బా. పరుగులో దాన్ని మించే ఒంటె లేదని పేరు. ఒకరోజు ఎడారివాసి ఒకాయన పడుచు ఒంటె నెక్కి వచ్చాడు. పందెంలో ఆ ఒంటె అద్‌బాను దాటిపోయింది. ఇది సహాబాలకు ఎంతో బాధ కలిగించింది. వారి బాధను దైవప్రవక్త (స) గ్రహించారు. ఈ లోకంలో పైకి లేచిన దేన్నయినా కిందికి దించడం అల్లాహ్ నియమమని వారికి తెలియజేశారు. హజ్రత్ అనస్ (రజి) ఉల్లేఖించిన ఈ సంఘటన బుఖారీ గ్రంథంలో ఉంది.

గమనించండి! ఆ ఒంటె ఎవరిదో కాదు, సాక్షాత్తూ అల్లాహ్ ప్రవక్తది. అది ఓడింది పేరు కూడా తెలియని ఒక పల్లె మనిషి ఒంటె చేతిలో. మళ్లీ పందెం పెట్టమన్న మాట గానీ, ఒంటె అలసి ఉందన్న సాకు గానీ ఆ ఉల్లేఖనంలో ఎక్కడా కనిపించదు.

ఈ హదీసు ఇప్పుడెందుకంటే, ముదిగొండలో జుమా నమాజు ముగిశాక మన కుర్రాళ్లు మస్జిదు బయట నిలబడి వాదించుకునే విషయాల్లో బాక్సింగ్ ఒకటి. 50 పోటీలు ఆడి 50 గెలిచిన ఫ్లాయిడ్ మేవెదర్ గొప్పా, ఐదుసార్లు ఓడిన ముహమ్మద్ అలీ గొప్పా? ‘మౌలానా సాబ్, మీరే చెప్పండి’ అని నన్ను కూడా లాగుతారు. పెద్దలు దీన్ని పనిలేని ముచ్చట అనుకోవచ్చు. నాకలా అనిపించదు. ఈ ప్రశ్న ఆటతో ఆగదు, మన ఇళ్లలో పిల్లల మార్కుల కాగితం దాకా వస్తుంది.

ముందు షరీఅత్ మాట చెప్పుకుందాం. లేకపోతే దాటవేసినట్లవుతుంది. కొట్లాట వచ్చినా సరే ముఖం మీద కొట్టవద్దని దైవప్రవక్త (స) వారించారు (బుఖారీ, ముస్లిం). బాక్సింగ్‌లో గెలుపే ముఖం మీద, తల మీద పడే దెబ్బలతో వస్తుంది. అందుకే మక్కాలోని ఇస్లామీ ఫిఖ్ మండలి 1987లో ఈ ఆట ధర్మసమ్మతం కాదని తీర్మానించింది. కనుక బాక్సర్ల గురించి మాట్లాడినంత మాత్రాన ఆ ఆటకు అనుమతి ఇచ్చినట్లు భావించకండి. వ్యాయామం, పరుగు, ఈత, కుస్తీ వేరు. దైవప్రవక్త (స) తమ భార్య హజ్రత్ ఆయిషా (రజి)తో పరుగు పందెం వేశారు. మొదటిసారి ఆమె గెలిచారు. కొంతకాలం తర్వాత ఆయన గెలిచి, అప్పటి ఓటమికి ఇది చెల్లు అన్నట్లు సరదాగా మాట్లాడారు. ఈ ఉల్లేఖనం అబూదావూద్‌లో ఉంది. ఇంట్లో భార్య చేతిలో ఓడితే పరువు పోతుందనుకునే మగవాళ్లు దీన్ని రెండుసార్లు చదవాలి.

ఇక ఓటమి లేని లెక్కల సంగతి చూద్దాం. మేవెదర్ 50వ గెలుపు 2017 ఆగస్టులో కానర్ మెక్‌గ్రెగర్ మీద వచ్చింది. మెక్‌గ్రెగర్ వేరే రకం పోరులో దిట్టే గానీ, అంతకు ముందు ఒక్క వృత్తి బాక్సింగ్ పోటీ కూడా ఆడలేదు. మానీ పకియావ్‌తో పోటీ మాటలు 2009లోనే మొదలైనా, అది జరిగేసరికి 2015 మే వచ్చింది. అప్పటికి ఇద్దరూ ముప్పై అయిదు దాటారు. అంతకు ముందు తరంలో రాకీ మార్సియానో 49కి 49 గెలిచి 1956లో ఆట మానేశాడు. ఆయన ఓడించినవారిలో జో లూయీస్ ఒకడు. 1951లో జరిగిన ఆ పోటీ నాటికి లూయీస్ వయసు 37, చేవ తగ్గిన సమయం. మార్సియానో, మేవెదర్ ఇద్దరూ కష్టపడినవారే, వారి నేర్పును కాదనే పనిలేదు. అయితే ఎవరితో, ఎప్పుడు తలపడ్డాడు, ఎప్పుడు ఆపేశాడు అన్న సంగతి ‘ఓటములు సున్నా’ అన్న గడిలో కనిపించదు. పంట మీద మచ్చ లేదంటే పురుగు రాలేదనీ కావచ్చు, పురుగు రాకముందే కోసేశారనీ కావచ్చు.

అలీ విషయం చూడండి. 1967 మార్చి నాటికి ఆయన కూడా ఓటమి ఎరుగడు. 29 పోటీలు, 29 గెలుపులు. ఆ ఏప్రిల్ 28న వియత్నాం యుద్ధం కోసం సైన్యంలో చేరడానికి నిరాకరించారు. బిరుదు లాగేసుకున్నారు. ఐదేళ్ల జైలు, పదివేల డాలర్ల జరిమానా శిక్ష పడింది. అప్పీలు వల్ల జైలుకు వెళ్లలేదు గానీ, మూడున్నరేళ్లు రింగులోకి అడుగు పెట్టనివ్వలేదు. బాక్సర్‌కు 25 నుంచి 28 ఏళ్ల వయసు అంటే మాటలా! తిరిగి వచ్చాక, 1971 మార్చి 8న జో ఫ్రేజియర్ చేతిలో మొదటిసారి ఓడారు. అదే ఏడాది జూన్‌లో అమెరికా సుప్రీంకోర్టు ఆ శిక్షను కొట్టివేసింది. తన మాట మీద నిలబడ్డ ఆ మూడున్నరేళ్లలో ఆయన ఖాతాలో ఒక్క గెలుపూ చేరలేదు. ప్రపంచం ఆయన్ని తలచుకునేది మాత్రం ఆ కాలానికే. (అప్పటికి ఆయన సరైన ఇస్లామీ విశ్వాసానికి ఇంకా రాలేదు. 1975 తర్వాత వచ్చారు. అలీని వలీగా చేసేవారు ఇది గుర్తుంచుకోవాలి.) చివరికి వణుకు రోగం ఆ చేతులను పట్టుకుంది. 1996లో అట్లాంటా ఒలింపిక్ జ్యోతిని వెలిగించినప్పుడు ఆ చేతులు ఎలా వణికాయో లోకమంతా చూసింది. అద్‌బా హదీసుకు ఇంతకంటే వ్యాఖ్యానం ఏం కావాలి?

మన రాష్ట్రంలోనే నిజామాబాద్ ఉంది. అక్కడి నిఖత్ జరీన్ 2022 మేలో ఇస్తాంబుల్‌లో, 2023 మార్చిలో ఢిల్లీలో ప్రపంచ ఛాంపియన్ అయ్యారు. 2017లో భుజానికి దెబ్బ తగిలి ఏడాది దాకా పోటీలకు దూరమయ్యారు. 2019 డిసెంబరులో ఒలింపిక్ అర్హత పోటీల ఎంపిక కోసం పట్టుబట్టి మేరీ కోమ్‌తో తలపడి, ఓడారు. 2024 ఆగస్టులో పారిస్ ఒలింపిక్స్‌లో పతకం లేకుండానే వెనుదిరిగారు. అదే ఊరి హుసాముద్దీన్ 2023లో తాష్కెంట్ ప్రపంచ పోటీల్లో సెమీఫైనల్‌కు చేరి, మోకాలి గాయంతో రింగులోకే దిగలేకపోయాడు. కాంస్యంతో తిరిగొచ్చాడు. కొట్టకుండా, కొట్టించుకోకుండా వచ్చిన ఓటమి అది. ఈ ఆట గురించి, అందులో ఆడపిల్లల గురించి ఉలమాల మాట తెలిసిందే. నేను చెప్పేది ఓటమి తర్వాత మళ్లీ లేవడం గురించి.

గెలుపోటములను తూచడానికి మన చరిత్రలో హజ్రత్ ఖాలిద్ బిన్ వలీద్ (రజి)ని మించిన ఉదాహరణ లేదు. యుద్ధంలో ఓటమి ఎరుగని సేనాని అని అందరూ అంటారు. మరి ఆయన్ని దైవప్రవక్త (స) అల్లాహ్ ఖడ్గాలలో ఒకటిగా పేర్కొన్నది ఎప్పుడు? హిజ్రీ 8లో, మూతాలో. ముగ్గురు సేనానులు ఒకరి తర్వాత ఒకరు షహీదులయ్యాక ఖాలిద్ (రజి) జెండా అందుకున్నారు. మూడు వేల మంది సైన్యాన్ని మహాసేన ముందు నుంచి కాపాడి మదీనాకు తెచ్చారు. పారిపోయి వచ్చారని కొందరు ఎద్దేవా చేస్తే, దైవప్రవక్త (స) ఆ మాటను ఖండించారని సీరత్ గ్రంథాలు చెబుతాయి. తర్వాత హజ్రత్ ఉమర్ (రజి) ఆయన్ని సేనాధిపత్యం నుంచి తప్పించారు. కోపంతో కాదు, నమ్మకద్రోహం వల్లా కాదు. గెలుపు అల్లాహ్ నుంచి కాక ఖాలిద్ నుంచి వస్తుందని ప్రజలు అనుకుంటారేమోనన్న భయంతో. పదవి పోయినా ఖాలిద్ (రజి) అలిగి ఇంట్లో కూర్చోలేదు. అబూ ఉబైదా (రజి) కింద సిపాయిగా యుద్ధం చేశారు. ఏ గెలుపోటముల పట్టికలో దీన్ని రాస్తాం?

కుస్తీలో ఎదుటివాణ్ని పడగొట్టేవాడు బలవంతుడు కాడనీ, కోపం వచ్చినప్పుడు తనను తాను అదుపు చేసుకునేవాడే బలవంతుడనీ దైవప్రవక్త (స) బోధించారు. ఈ హదీసు బుఖారీ, ముస్లిం రెండింటిలోనూ ఉంది. ఉహుద్‌లో డెబ్బై మంది సహాబాలు షహీదులయ్యాక, జయాపజయాల రోజులను ప్రజల మధ్య మారుస్తూ ఉంటామని అల్లాహ్ ఆలి ఇమ్రాన్ సూరాలో (3 : 140) తెలియజేశాడు.

ఇప్పుడు ఇంటి సంగతికి వద్దాం. ‘మావాడు ఇప్పటిదాకా ఫస్టు తప్ప సెకండు తెలియదు’ అని పెళ్లిళ్లలో, పేరంటాల్లో గర్వంగా చెప్పుకునే తల్లిదండ్రులు మన మధ్య ఎందరో! మిర్చి అమ్మిన డబ్బు ఖమ్మంలో కాలేజీ ఫీజు కట్టి, బిడ్డ నెత్తిన ఆ మాట పెట్టి పంపిస్తాం. 2019 ఏప్రిల్‌లో ఇంటర్ ఫలితాలు వచ్చాక మన రాష్ట్రంలో దాదాపు ఇరవై మంది పిల్లలు ప్రాణాలు తీసుకున్నారు. అదే ఫలితాల్లో ఒక విద్యార్థినికి తెలుగులో సున్నా వేశారు, మళ్లీ చూస్తే 99 వచ్చాయి! కాగితం మీది అంకెకు మనం ఇచ్చిన విలువ అది.

ఓడిపొమ్మని ఇస్లాం చెప్పదు. బలహీనుడైన విశ్వాసి కంటే బలవంతుడైన విశ్వాసి అల్లాహ్‌కు ఎక్కువ ప్రియమైనవాడు, ఇద్దరిలోనూ మేలుంది. ఇది సహీహ్ ముస్లింలోని హదీసు. మనవాళ్లు దీన్ని ఇక్కడితో ఆపేస్తారు. తర్వాతి భాగం ఏమిటో తెలుసా? లాభం కలిగించే దాని కోసం పాటుపడు, అల్లాహ్ సహాయం కోరు, చేతకానివాడిలా కూర్చోకు. అయినా ఏదైనా కష్టం వచ్చి పడితే, ‘అలా చేసి ఉంటే ఇలా అయ్యేది’ అనవద్దు. ఆ మాట షైతాను పనికి తలుపు తెరుస్తుంది. ఇది అల్లాహ్ నిర్ణయం, ఆయన తలచినది జరిగింది అని చెప్పుకోమన్నారు.

ఫలితాల రోజు సాయంత్రం, బిడ్డ అన్నం తినకుండా గదిలో కూర్చున్నప్పుడు, అమ్మీ, అబ్బా ఇద్దరూ వెళ్లి ఈ హదీసును చివరిదాకా చెప్పండి. ఆ రాత్రి ‘చదివి ఉంటే వచ్చేది కదా’ అన్న మాట ఎవరి నోటా రానివ్వకండి. బంధువులు ఫోన్ చేసి మార్కులు అడిగితే, తర్వాత మాట్లాడతామని పెట్టేయండి. వాణ్ని ఇషా నమాజుకు వెంట తీసుకెళ్లండి.